క్లోమం వాపు వచ్చినప్పుడు రక్తపరీక్షల కాగితం ఏం చెబుతుంది?



నిరుడు సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయం ఖర్చులు చదువుతున్నప్పుడు ఒక దాత లేచి అడిగారు: "ఒకే మనిషికి, ఒకే ఆసుపత్రిలో, అవే రక్తపరీక్షలకు నాలుగు రోజుల్లో ఐదుసార్లు డబ్బు కట్టాం. మొదటిసారి చేసిన పరీక్ష తప్పనా? లేక మనల్ని ఎవరైనా మోసం చేస్తున్నారా?" న్యాయమైన ప్రశ్నే. ఇచ్చిన రూపాయి ఎక్కడికి పోయిందో అడిగే హక్కు ఇచ్చినవారికి ఉంటుంది. ఆ రోజు మగ్రిబ్ వేళ అయిపోతుండడంతో సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాం.

ఆ రోగికి వచ్చిన జబ్బు అక్యూట్ ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమ గ్రంథికి హఠాత్తుగా వచ్చే వాపు. మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయితే దరఖాస్తులతో వచ్చే రిపోర్టులు చదివిపెట్టే పని సొసైటీ మాకు అప్పగించింది కాబట్టి, తెలియనిది డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి కొంత నేర్చుకున్నాం. కొంత మా తప్పు నుంచి కూడా నేర్చుకున్నాం. అది ముందుకు వస్తుంది.

ముందు గ్రంథి సంగతి. క్లోమం కడుపు వెనకాల, వెన్నెముకకు ఆనుకొని అడ్డంగా పడుకొని ఉంటుంది. మూరెడు కూడా ఉండదు, జానెడు లోపే. దానికి రెండు పనులు. ఒకటి ఇన్సులిన్ తయారుచేయడం. రెండోది మనం తిన్న పిండిని, కొవ్వును, మాంసాన్ని అరిగించే రసాలు తయారుచేసి పేగులోకి పంపడం. ఈ రసాలు గ్రంథిలో ఉన్నంతసేపు నిద్రపోతున్నట్లు ఉంటాయి, పేగులోకి వెళ్ళాకే మేల్కొంటాయి. ఏ కారణం చేతనైనా గ్రంథిలోనే మేల్కొంటే, మాంసాన్ని అరిగించాల్సిన రసం తన గ్రంథినే అరిగించడం మొదలుపెడుతుంది. పై కడుపులో భరించలేని నొప్పి పుట్టి వీపులోకి పొడుచుకుపోతుంది. వాంతులు అవుతాయి. ముందుకు వంగి కూర్చుంటే కొంచెం ఉపశమనంగా ఉంటుంది. మన ఇళ్ళలో దీన్ని గ్యాస్ అనుకొని సోడా తాగించి, ఒక మాత్ర వేసి పడుకోబెట్టడం మామూలు.

ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది. ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి వారం పది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. సెలైను, నొప్పి మందు, నిదానంగా మొదలుపెట్టే ఆహారం, అంతే. మిగిలిన ఆ ఒక్కరికి మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం, ఏదైనా అవయవం చెడి 48 గంటలు దాటినా కోలుకోకపోతే దాన్ని తీవ్రమైన జబ్బు అంటారు. అలాంటివారిలో దాదాపు మూడో వంతు మంది ప్రాణాలు దక్కవు. మొదటి రోజు మంచం మీద చూస్తే ఇద్దరూ ఒకేలా మెలికలు తిరుగుతుంటారు. ఎవరు ఆ నలుగురిలో వారు, ఎవరు ఆ ఒక్కరు? రక్తపరీక్షలతో డాక్టర్లు వెతికేది ఈ జవాబునే.

ఇక మా అనుభవం. దివిసీమలో ఆటో నడుపుకునే ఒక పాత విద్యార్థి ఉన్నాడు. కొన్నేళ్ళ క్రితం, బంధువుల వలీమా విందు తిని వచ్చిన రాత్రి వాళ్ళ అమ్మకు ఈ నొప్పి వచ్చింది. ఒక రాత్రి, ఒక పగలు ఇంట్లోనే గడిచాయి. రెండో రోజు దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చారు. మొదటి రిపోర్టులో అమైలేజ్ 1,900 దాటింది. ఉండాల్సింది నూరు చిల్లర. ఆ కుర్రాడు ఏడుస్తూ ఫోన్ చేశాడు. మర్నాడు మళ్ళీ చేశాడు, ఈసారి గొంతులో ఉత్సాహం ఉంది. "మాస్టారూ, అమ్మీకి తగ్గిపోయింది! పంతొమ్మిది వందలు ఉన్నది నాలుగు వందలకు దిగింది. కాగితం పంపాను చూడండి" అన్నాడు. చూశాం. నల్లగా అచ్చేసిన ఆ ఒక్క అంకే చూశాం. "అల్‌హందులిల్లాహ్, ఇక భయం లేదు నాయనా" అన్నాం. కమిటీకి కూడా అదే చెప్పాం.

అదే కాగితంలో కింద రెండు వరుసలున్నాయి. ముందురోజు 46 ఉన్న బ్లడ్ యూరియా 88 అయింది. 1.1 ఉన్న క్రియాటినిన్ 2.3 అయింది. ఆ సాయంత్రానికి ఆమెకు ఆయాసం మొదలైంది. అర్ధరాత్రి అంబులెన్సులో విజయవాడ తెచ్చారు. వెంటిలేటర్ మీద పెట్టారు. అయిదు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్ళింది. ఆటో అమ్ముడుపోయింది. క్లోమంలో చాలా భాగం పాడవడంతో ఇప్పుడు ఇన్సులిన్ వేసుకుంటోంది. మధ్యాహ్నమే కదిలించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. కానీ ఆ కాగితం మధ్యాహ్నం నుంచి మా ఫోన్లోనే ఉంది.

అమైలేజ్ తగ్గితే జబ్బు తగ్గినట్లు ఎందుకు కాదు? అమైలేజ్, లైపేజ్ అనేవి క్లోమం తయారుచేసే రసాలే. గ్రంథి దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి కారతాయి. అమైలేజ్‌తో ఈ జబ్బును గుర్తించవచ్చని 1929లో అమెరికాలో రాబర్ట్ ఎల్మన్, ఆయన సహచరులు చూపించారు. తగిన నొప్పి ఉండి, ఈ రెండింటిలో ఏదైనా ఉండాల్సిన గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే జబ్బు ఉన్నట్లే. వాటి పని అంతవరకే. 600 ఉన్నవాడికి ప్రాణం మీదికి రావచ్చు, 3,000 ఉన్నవాడు నాలుగో రోజు ఇంటికి పోవచ్చు. పైగా అమైలేజ్ మూడు నుంచి అయిదు రోజుల్లో ఎలాగూ మామూలుకు దిగుతుంది, రోగి బాగుపడుతున్నా, పడకపోయినా. హాజరు పట్టీలో పేరు చూసి పిల్లవాడు బడికి వచ్చాడని చెప్పగలం, పాసవుతాడో లేదో చెప్పలేం. అమైలేజ్ హాజరు పట్టీ లాంటిది. అందుకే దాన్ని రోజూ చేయించడం నిజంగానే డబ్బు వృథా. ఆ విషయంలో మన దాత అనుమానం సరైనదే.

రోజూ చేయించాల్సినవి వేరే ఉన్నాయి. అవెందుకో తెలియాలంటే ఈ జబ్బులో ఒంట్లో నీటికి ఏమవుతుందో చూడాలి. క్లోమం వాచినప్పుడు ఒళ్ళంతటా సన్నని రక్తనాళాల గోడలు సడలి, రక్తంలోని నీరు బయటి కండరాల్లోకి, కడుపులోకి ఊరిపోతుంది. ఒంట్లోంచి నీరు పోకపోయినా రక్తనాళాల్లో నీరు తగ్గిపోతుంది. చెరకు రసం మరిగేకొద్దీ చిక్కబడినట్లు రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని కొలిచేది హిమటోక్రిట్. మన ల్యాబుల కాగితాల్లో ఎక్కువగా పీసీవీ అని ఉంటుంది. ఇది 44 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండి, సెలైను ఎక్కించినా 24 గంటల్లో దిగకపోతే క్లోమం కుళ్ళే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు చెప్పాయి. అయితే మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ. మామూలు రోజుల్లో 30 ఉండే మనిషికి రక్తం చిక్కబడి 38 అయితే కాగితం మీద అది నిక్షేపంగా కనిపిస్తుంది! పాత రిపోర్టు ఏదైనా ఇంట్లో ఉంటే తీసుకెళ్ళి డాక్టరుకు చూపించమని మేము ప్రతి కుటుంబానికీ చెప్పడానికి కారణం ఇదే.

నాళాల్లో నీరు తగ్గితే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. అవి యూరియాను వడగట్టి బయటికి పంపలేవు, రక్తంలో యూరియా పెరుగుతుంది. చవకైన ఈ పరీక్ష చాలా ఖరీదైన పరీక్షల కంటే మెరుగ్గా పనిచేస్తోందని గత ఇరవై ఏళ్ళలో తేలింది. 2008లో అమెరికాలో 212 ఆసుపత్రులకు చెందిన దాదాపు 18 వేల మంది రోగుల వివరాల నుంచి బైసాప్ అనే స్కోరు తయారుచేశారు. అందులో చూసేవి అయిదే: యూరియా, స్పృహలో తేడా, జ్వరం-నాడి-శ్వాస-తెల్లకణాల్లో కనిపించే వాపు లక్షణాలు, 60 దాటిన వయసు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు. ఒక్కోదానికి ఒక మార్కు. మూడు, అంతకు మించి వస్తే జాగ్రత్త పడాలి. మొదటి 24 గంటల్లో యూరియా పెరుగుతూ పోతే ప్రాణాపాయం ఎంత పెరుగుతుందో ఆ మరుసటి ఏడాదే లెక్కగట్టారు. బీయూఎన్ 5 మిల్లీగ్రాములు పెరిగిన ప్రతిసారీ ప్రమాదం సుమారు రెట్టింపు.

ఇక్కడ లెక్కల మాస్టారిలా ఒక మాట. అమెరికా వాళ్ళు కొలిచేది యూరియాలోని నత్రజని మాత్రమే, దాన్నే బీయూఎన్ అంటారు. మన ల్యాబులు చాలావరకు మొత్తం యూరియాను కొలిచి బ్లడ్ యూరియా అని రాస్తాయి. బీయూఎన్‌ను 2.14తో హెచ్చిస్తే బ్లడ్ యూరియా వస్తుంది. బైసాప్ స్కోరులో మార్కు పడే హద్దు బీయూఎన్ 25, అంటే మన కాగితంలో సుమారు 53. ఇంటర్నెట్‌లో 25 అని చదివి, తమ రిపోర్టులో 40 చూసి గుండెలు బాదుకున్నవాళ్ళను చూశాం. ఏది రాశారో ముందు చూడండి.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పకుండా ఉండలేం. రక్తంలోని భాస్వరాన్ని రంగు మార్చి కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే-సుబ్బారో పద్ధతిగా ప్రపంచంలోని ల్యాబులు దాన్ని దశాబ్దాల పాటు వాడాయి. పిల్లలకు ఈ సంగతి చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు.

ఇక ఒకే పరీక్షను ఐదుసార్లు ఎందుకు? విజయవాడ వాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఎగురవేస్తారు. వరద రోజుల్లో కృష్ణలంక వాళ్ళు, రాణిగారితోట వాళ్ళు "ఇప్పుడు ఎంత ఉంది?" అని అడిగి ఊరుకోరు. "గంట క్రితం ఎంత? పెరుగుతోందా, నిలకడగా ఉందా? పైన పులిచింతల నుంచి ఎంత వదిలారు?" అని అడుగుతారు. నాలుగు లక్షల దగ్గర దిగుతున్న నది వేరు, అదే నాలుగు లక్షల దగ్గర ఎక్కుతున్న నది వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో నది అలా ఎక్కుతూ పోయే 11 లక్షలు దాటింది. యూరియా, క్రియాటినిన్, పీసీవీ కూడా అంతే. చేరినప్పుడు ఒకసారి, తర్వాత పన్నెండు గంటలకో ఇరవై నాలుగు గంటలకో మళ్ళీ చూసి, ఎటు పోతున్నాయో డాక్టరు తెలుసుకుంటారు. నిరుడు మనం కట్టిన ఐదు బిల్లులను ఇప్పుడు తీసి చూస్తే, అందులో నాలుగు ఈ రకం పరీక్షలకే. ఒకటి మాత్రం రెండోసారి చేసిన అమైలేజ్.

ఆ అంకెల వల్ల వెంటనే జరిగే పని సెలైను వేగాన్ని సరిచేయడం. చాలా ఏళ్ళపాటు ఈ జబ్బుకు ఎంత ఎక్కువ సెలైను ఎక్కిస్తే అంత మంచిదని అనుకున్నారు. 2022లో వాటర్‌ఫాల్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన దేశంతో పాటు ఇటలీ, మెక్సికో, స్పెయిన్ ఆసుపత్రుల్లో 249 మంది మీద జరిగింది. ధారాళంగా సెలైను ఎక్కించినవారిలో అయిదో వంతు మందికి ఒంట్లో నీరు ఎక్కువై ఇబ్బంది వచ్చింది. మితంగా ఎక్కించినవారిలో అది సుమారు 6 శాతమే. జబ్బు ముదరడంలో మాత్రం మేలేమీ కనబడలేదు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. కాబట్టి "ఇంకో బాటిల్ పెట్టండి సార్" అని నర్సును బతిమాలే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎంత పెట్టాలో మూత్రం, నాడి, యూరియా, పీసీవీ చెబుతాయి.

సీఆర్‌పీ అనే పరీక్ష పేరు కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసింది. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా కాలేయం తయారుచేసే ప్రోటీన్ అది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో మొదట కనుగొన్నారు. క్లోమం వాపులో ఇది 48 గంటల దగ్గర లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. కానీ కాలేయం దీన్ని తయారుచేయడానికి సమయం పడుతుంది. నొప్పి వచ్చిన మొదటి రోజే చేయించి, తక్కువ ఉందని సంతోషించడం పరీక్షకు ముందే మార్కులు అడగడం లాంటిది. ఇక్కడా కొలత తిరకాసు ఉంది: కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన రాస్తాయి, అప్పుడు ఆ 150 కాస్తా 15 అవుతుంది.

వీటన్నిటికంటే ముందుది 1974లో న్యూయార్క్‌లో జాన్ రాన్సన్ ఇచ్చిన పదకొండు గుర్తుల పట్టిక. వయసు, తెల్లకణాలు, చక్కెర, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ చేరినప్పుడే చూస్తారు. కాల్షియం పడిపోవడం, యూరియా పెరగడం వంటి మిగతా ఆరు 48 గంటలకు చూస్తారు. మార్కులు పూర్తిగా వేయడానికి రెండు రోజులు ఆగాలి, అదే దాని లోపం. ఇంటర్‌లూకిన్-6 వంటి కొత్త పరీక్షలు ఇంకా ముందే చెబుతాయి గానీ అవి ప్రతి చిన్న ల్యాబులో దొరకవు. ప్రోకాల్సిటోనిన్ అనేది ఇన్ఫెక్షన్ చేరిందో లేదో అంచనా వేయడానికి, అనవసరమైన యాంటీబయాటిక్‌లు తగ్గించడానికి ఉపయోగపడుతోంది. ఇది ఖరీదైన పరీక్షే. డాక్టరు కారణం చెప్పి అడిగితే కట్టవచ్చని మా అభిప్రాయం. ఈ జబ్బులో ఖరీదైన యాంటీబయాటిక్‌ల బిల్లుల కంటే అది తక్కువే.

ఇన్ని పరీక్షలున్నా, ఏ ఒక్కటీ జోస్యం చెప్పదు. భయపెట్టడంలో కంటే ధైర్యం చెప్పడంలో ఇవి ఎక్కువ నమ్మదగ్గవి. 2009లో జర్మనీ వైద్యుడు పాల్ లాంకిష్ బృందం ఒక తేలిక పద్ధతి ప్రకటించింది. కడుపు గట్టిపడకుండా, పీసీవీ, క్రియాటినిన్ రెండూ మామూలుగా ఉంటే నూటికి 98 మందిలో జబ్బు తేలికగానే ముగిసింది. మన ఊళ్ళ సంగతి ఆలోచిస్తే ఇది చాలా విలువైనది. అవనిగడ్డలోనో కైకలూరులోనో ఉన్న మనిషిని అప్పు చేసి పట్నం తేవాలా, దగ్గర్లోనే ఉంచవచ్చా అని డాక్టరు నిర్ణయించడానికి రెండు చవకైన పరీక్షలు, ఒక చేతి స్పర్శ దారి చూపిస్తాయి. సీటీ స్కాన్‌కు వేలు అవుతాయి. అదీ మొదటి రెండు రోజుల్లో తీస్తే కుళ్ళిన భాగం సరిగ్గా కనబడకపోవచ్చు.

ఇక కారణం గురించి. ఇది కమిటీలో కొంత చేదు రేపిన విషయం కాబట్టి దాచకుండా రాస్తున్నాం. ప్యాంక్రియాటైటిస్ అనే మాట వినగానే "తాగేవాడా?" అనే ప్రశ్న వస్తుంది. ఒక దరఖాస్తు ఆ గుసగుసతోనే రెండు రోజులు ఆగిపోయింది. మద్యం ఒక ముఖ్య కారణమే, నిజం. అంతే ముఖ్యమైనది పిత్తాశయంలో రాళ్ళు. ఆడవాళ్ళలో ఇవి ఎక్కువ. దివిసీమ తల్లికి వచ్చింది ఆ రాళ్ళ వల్లే. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు వెయ్యి దాటినా వస్తుంది, అందులోనూ చక్కెర అదుపులో లేనివారికి. చిన్న వయసులోనే మద్యం ముట్టకుండా దీర్ఘకాలిక క్లోమ వ్యాధి వచ్చేవారు కూడా మన దేశంలో ఉన్నారు. అలాంటివారిలో స్పింక్-1 అనే జన్యువు మార్పులకు సంబంధం ఉందని 2002లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి వంటి వైద్యులతో కలిసి ప్రకటించారు. మొదటి రెండు రోజుల్లో ఎస్‌జీపీటీ 150 దాటి ఉంటే రాళ్ళే కారణమనే అనుమానం బలపడుతుంది, అల్ట్రాసౌండ్‌తో తేలుతుంది. తాగాడా లేదా అన్నది డాక్టరు గదిలో నిజం చెప్పుకోవాల్సిన మాట. మన దరఖాస్తు మీద ఆ ప్రశ్న ఉండకూడదని మేము ఆ రోజు వాదించాం, ఇప్పటికీ అదే అంటున్నాం.

రాళ్ళ వల్ల వచ్చిన వాపు తగ్గి ఇంటికి పోయాక కథ అయిపోదు. పిత్తాశయం అలాగే ఉంటే మళ్ళీ వస్తుంది. తేలిక జబ్బుతో కోలుకున్నవారికి ఇంటికి పంపకముందే పిత్తాశయం తీసేస్తే, తర్వాతి ఇబ్బందులు 17 శాతం నుంచి 5 శాతానికి తగ్గాయని 2015లో నెదర్లాండ్స్ పరిశోధన చెప్పింది. మనం మొదటి బిల్లు కట్టి, ఆపరేషన్‌ను "తర్వాత చూద్దాం" అని వదిలేసిన సందర్భాలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏది వస్తుందో చేరిన రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే, మన డబ్బు ఆ పథకం కింద రానివాటికి మిగులుతుంది.

ఈ ఏడాది వైద్య సహాయ నిధి నుంచి కొంత మొత్తాన్ని విడిగా ఉంచి, ఈ జబ్బుతో చేరినవారికి మొదటి 48 గంటల పరీక్షలకూ, అవసరమైతే పెద్దాసుపత్రికి తరలించే అంబులెన్సుకూ కమిటీ సమావేశం కోసం ఆగకుండా ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. సంతకాలు తర్వాత పెట్టుకోవచ్చు. దరఖాస్తు ఫారంలో కూడా ఒక చిన్న మార్పు కోరుతున్నాం. ఇప్పటివరకు అందులో రోగి పేరు, వయసు, ఆదాయం, ఆసుపత్రి గడులున్నాయి. వాటి కింద మరో మూడు చేర్చాలి: నొప్పి మొదలైన రోజు, గంట. చేరినప్పటి యూరియా, క్రియాటినిన్, పీసీవీ. మర్నాటి యూరియా, క్రియాటినిన్, పీసీవీ. ఆ గడులు నింపడానికి సాయం కావాలంటే ఆ పాత విద్యార్థి సిద్ధంగా ఉన్నాడు. ఇప్పుడు అద్దె ఆటో నడుపుతున్నాడు గానీ, ఎవరైనా రిపోర్టు చూపిస్తే ముందు కింది వరుసలే చదువుతాడు.